బావమరిది చక్రాలు, నా స్ప్రింగులు

టెక్సస్ నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరంతో పాటు పోయిన సీజన్ ఫలితాల పట్టికలు కూడా జతచేశారు, అక్కడక్కడా ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ. ఆయన చెప్పుకున్న సంగతి క్లుప్తంగా ఇది.

వయసు ముప్ఫై ఆరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ల కిందట ఆయనా, ఆయన భార్య తమ్ముడూ ఒక ఆదివారం ఆటోక్రాస్ చూడటానికి వెళ్లారు. పెద్ద పార్కింగ్ మైదానంలో నారింజ రంగు కోన్లు పేర్చి వంకరటింకర దారి వేస్తారు. ఒక్కో కారు ఒంటరిగా ఆ దారిలోకి దూకి, నిమిషం అటూ ఇటూగా బయటికి వస్తుంది. పోటీ గడియారంతోనే. ఇద్దరికీ పిచ్చి పట్టింది. ఈయన 2019 నాటి మాజ్డా ఎంఎక్స్-5 మియాటా ఒకటి పాతది కొన్నారు. బావమరిది కొత్త టొయోటా జీఆర్86 తీసుకున్నాడు. మొదటి సీజన్లో ఇద్దరూ సి స్ట్రీట్ అనే ఒకే క్లాసులో, అంటే దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉన్న కార్ల వరసలో దిగారు. ఒకసారి ఈయన ముందు, ఒకసారి అతను ముందు. "తిరుగు దారిలో దోసెలు తింటూ, ఎవరు ఏ కోను దగ్గర ఏం తగలేశామో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం" అని రాశారు.

రెండో సీజన్‌కు ముందు ఒక గ్యారేజీలో, కారును కాస్త కిందికి దించి బిగిస్తే సెకను తగ్గుతుందని చెప్పారట. స్ప్రింగులు మార్పించారు. మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీలు, యాంటీ రోల్ బార్లు, ముందూ వెనకా ఉన్నవి రెండూ మార్పించారు. ఇంజను కంప్యూటర్లో ప్రోగ్రాం మార్పించారు. అంతా కలిపి 2,400 డాలర్లు. తీరా తొలి పోటీకి వెళ్తే, తనిఖీ చేసే ఆయన చక్రం వెనక నుంచి తొంగిచూసి, ఇది ఇక స్ట్రీట్ కారు కాదు, ఇంకా ఎక్కువ మార్పులు చేసిన కార్లుండే స్ట్రీట్ టూరింగ్‌లో నడపాలి అన్నారు. అక్కడ ఏడుగురిలో ఏడో స్థానం. సీజన్ అంతా దాదాపు అదే వరస. ఈలోగా బావమరిది సి స్ట్రీట్‌లో గెలుస్తూ నాలుగు చిన్న చెక్క ఫలకాలు సంపాదించాడు. సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు వాటిని తెచ్చి టీవీ పక్కన వరసగా నిలబెట్టాడట. విజయవాడ నుంచి వచ్చిన అత్తగారు వాటిని చూసి, "మరి అల్లుడుగారివి ఏవి?" అని అడిగారట.

ఇక అసలు చిక్కు. బావమరిది కారుకు ఇప్పుడున్న చక్రాలు 8.5 అంగుళాల వెడల్పువి. కంపెనీ ఇచ్చినవి 7.5. స్ట్రీట్‌లో వెడల్పు మార్చకూడదు. "చక్రాలు కొన్న రోజు పెట్టెలు మోసింది నేనే. అతనిది అపార్ట్‌మెంటు కాబట్టి పాత చక్రాలు ఇప్పటికీ మా గ్యారేజీలోనే ఉన్నాయి" అని ఒక వాక్యం. మాటవరసకన్నట్టు ఇంకో వాక్యం: సి స్ట్రీట్‌లో పాత మియాటాతో వచ్చే రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, ఆయనది ప్రతిసారీ రెండో స్థానమే. ఫిర్యాదు చేస్తానంటే భార్య, "చేస్తే చేయండి, ఆ తర్వాత మా అమ్మతో ఫోనులో మీరే మాట్లాడండి" అన్నారట.

ఆయన ప్రశ్నలు మూడు. 228 హార్స్‌పవర్ కారునూ 181 హార్స్‌పవర్ కారునూ ఒకే క్లాసులో వేయడం న్యాయమేనా? డబ్బు పోసి బాగు చేసుకుని "మెరుగైన క్లాసు"కు వెళ్లిన కారు కింది వరసకు జారడమేమిటి? చక్రాల సంగతి బయటపెట్టాలా, వద్దా?

సమాధానం:

ముందుగా ఒక ఒప్పుకోలు. నేనూ స్ప్రింగులు మార్చినవాడినే. 1990 మియాటా, 116 హార్స్‌పవర్, నీలం రంగు, కప్పు చిరిగిన బండి. ఇ స్ట్రీట్‌లో హాయిగా తిరుగుతున్నదాన్ని తీసుకుపోయి, అందంగా ఉంటుందని రెండంగుళాలు కిందికి దించాను. ఆ ఏడాదంతా నాకు మిగిలింది కోన్లు ఏరే పని ఒక్కటే. కాబట్టి మీ ఉత్తరం చదివి నవ్వితే అది మిమ్మల్ని చూసి కాదు.

మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎక్కువ నొప్పి అక్కడే ఉంది కనుక. "మెరుగైన క్లాసు" అని రాశారు. ఆ మాటే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. మా పల్నాడు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. రెండు పళ్ల ఎడ్లు వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు, సీనియర్లు వేరు. పోటీకి ముందు ఎద్దు నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతారు. నాలుగు పళ్ల విభాగం రెండు పళ్ల విభాగం కన్నా గొప్పదని ఎవరూ అనరు. అక్కడ నిలబడే ఎడ్లు వేరు, అంతే. రెండు పళ్లవాటిలో గెలిచే జతను మంచి మేత పెట్టి నాలుగు పళ్లవాటిలోకి తోలితే ఏమవుతుందో మీకు తెలుసు. మీ మియాటాకు జరిగింది అదే.

స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944లో పుట్టింది. ఆటోక్రాస్‌ను వాళ్లు సోలో అంటారు. స్థానికంగా పోటీలు పెట్టే సంఘాలు చాలావరకు వాళ్ల నియమాల పుస్తకాన్నే అనుసరిస్తాయి. అందులో రెండు రకాల గీతలున్నాయి. ఒకటి, ఏ మోడల్ కారు ఏ అక్షరం కిందికి వస్తుందన్నది. రెండోది, కారులో ఎంత మార్పు చేశారన్నది. స్ట్రీట్ అంటే దాదాపు కంపెనీ ఇచ్చిన కారు. దాన్ని దాటితే స్ట్రీట్ టూరింగ్, ఇంకా పైన ప్రిపేర్డ్, మాడిఫైడ్ అంటూ పోతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక గడప ఉంటుంది. ఆ గడపను ఒక్క బోల్టుతో దాటినా దాటినట్టే, మొత్తం కారును విప్పి కట్టినా దాటినట్టే. అవతలికి వెళ్లాక మీ పక్కన నిలబడేవాళ్లు ఆ మెట్టు అనుమతించిన ప్రతి మార్పూ చేసుకుని వచ్చినవాళ్లు.

స్ట్రీట్‌లో మీకు అనుమతి ఉన్నవి తక్కువేం కాదు. షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు. బ్రేకు ప్యాడ్లు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి సైలెన్సరు భాగం మార్చుకోవచ్చు. చక్రం వ్యాసం ఒక అంగుళం అటూ ఇటూ ఉండవచ్చు, వెడల్పు మాత్రం కంపెనీదే. టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకె 200కు తగ్గకూడదు. ఇక యాంటీ రోల్ బార్: ముందుదో వెనకదో ఒకటి మార్చుకోవచ్చు. ఒకటే. మీరు జతగా అమ్ముతున్నారని రెండూ వేయించారు. స్ప్రింగులు అసలే ముట్టుకోకూడదు, ఇంజను ప్రోగ్రాం కూడా అంతే. అంటే మీరు గడపను మూడుసార్లు దాటారు.

దాటి ఎక్కడికి వెళ్లారు? స్ట్రీట్ టూరింగ్‌లో పోటీపడే మియాటా ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. మీవి ఏడు అంగుళాల చక్రాలు. వాళ్లవి వెడల్పాటివి, వాటి మీద బొద్దుగా కూర్చున్న టైర్లు. ఎత్తు సర్దుకునే స్ప్రింగు, షాక్ జతలు, అంటే కాయిలోవర్లు. ఇంజను నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు, అంటే ఎగ్జాస్ట్ హెడర్, మార్చినది, దానికి తగిన ప్రోగ్రాం. మీరు స్ప్రింగులు గట్టిపరిచి టైర్లు పాతవే ఉంచారు. రోడ్డును పట్టుకునేది టైరు కదండీ, స్ప్రింగు కాదు. రెండు పడవల మీద చెరొక కాలు వేసి, ఏ పడవా కదలడం లేదని బాధపడుతున్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. 228కీ 181కీ పొత్తెలా అని అడిగారు. ముస్టాంగ్ జీటీ సంగతి మీకు తెలుసా? 2018 తర్వాతి దానికి 460 హార్స్‌పవర్. అది ఎఫ్ స్ట్రీట్‌లో పరుగెడుతుంది. మీ 181 ఉన్నది సి స్ట్రీట్‌లో. అక్షరాలు ముందుకు పోయేకొద్దీ కార్ల వేగం తగ్గుతుందని స్థూలంగా అనుకుంటారు, ఆ లెక్కన చూస్తే తల తిరుగుతుంది. కానీ మైదానంలో జరిగేది చూడండి. పోటీలో చాలాభాగం రెండో గేరులోనే నడుస్తుంది. ముస్టాంగ్ తన గుర్రాలన్నిటినీ విప్పేలోపు బ్రేకు తొక్కాల్సిన మలుపు వచ్చేస్తుంది. దాని బరువు 1,700 కిలోలకు దరిదాపు, మీ మియాటా 1,060. వెడల్పులో దాదాపు 18 సెంటీమీటర్ల తేడా. కోన్లు వరసగా పెట్టి ఒకదానికి కుడివైపు, తర్వాతి దానికి ఎడమవైపు దూరుతూ పోయే చోట ఆ 18 సెంటీమీటర్లను ముస్టాంగ్ ప్రతి కోను దగ్గరా అదనంగా పక్కకు జరగాలి. మియాటా ఒళ్లు తిప్పేసి వెళ్లిపోతుంది. క్లాసులు వేసేవాళ్లు చూసేది కాగితం మీది హార్స్‌పవర్ కాదు. ఈ కోన్ల మధ్య, అనుమతించిన మార్పులన్నీ చేశాక, మంచి డ్రైవరు చేతిలో ఆ కారు ఎంతలో బయటికి వస్తుందన్నది.

మీ రెండు కార్ల లెక్కే వేద్దాం. మీ మియాటాలో ఒక్కో హార్స్‌పవర్ మోసేది 5.9 కిలోలు. జీఆర్86 బరువు 1,275 కిలోలు, 228తో భాగిస్తే 5.6. తేడా ఉంది, లేదనను. తిన్నని దారి ఎక్కువున్న మైదానంలో అతనికి లాభం. కోన్లు దగ్గర దగ్గరగా పెట్టిన చోట మీకు లాభం. మొదటి సీజన్లో ఒకసారి మీరు, ఒకసారి అతను గెలిచారని మీరే రాశారు. క్లాసు సరిగ్గా వేశారనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?

అయినా అన్యాయమనే అనిపిస్తే దానికీ దారి ఉంది. క్లాసుల పట్టిక రాతిమీద చెక్కింది కాదు. సోలో ఈవెంట్స్ బోర్డుకు సభ్యులు ఎవరైనా ఉత్తరం రాయవచ్చు. సలహా సంఘాలు వాటిని చదివి, ప్రతిపాదనలు నెలనెలా ప్రకటించి, సభ్యుల అభిప్రాయం అడిగి మారుస్తాయి. ఏటా ఏదో ఒక కారు ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి మారుతూనే ఉంటుంది, అప్పుడప్పుడు క్లాసులే కలిసిపోతాయి. అందుకే నా మాటల కన్నా ఈ ఏటి పుస్తకం తెరిచి చూసుకోండి. రాస్తే మాత్రం దేశవ్యాప్త పోటీల ఫలితాలు చూపిస్తూ రాయండి. నెబ్రాస్కాలోని లింకన్‌లో ప్రతి సెప్టెంబరులో జాతీయ పోటీ జరుగుతుంది, వెయ్యిమందికి పైగా డ్రైవర్లు వస్తారు. ఒకరోజు మూడు పరుగులు, మర్నాడు ఇంకో దారిలో మూడు. అక్కడి కాలాలకు విలువ ఉంటుంది. మా బావమరిది గెలుస్తున్నాడన్న వాదన అక్కడ చెల్లదు.

ఇక మీ ముందున్న దారులు. ముందుకు వెళ్లడం ఒకటి. స్ట్రీట్ టూరింగ్‌లోనే నిలబడి, కారును ఆ మెట్టుకు తగ్గట్టు పూర్తిగా కట్టుకోవడం. చక్రాలు, టైర్లు, కాయిలోవర్లు, హెడర్ అన్నీ లెక్కేస్తే మీరిప్పటికే పెట్టిన 2,400 డాలర్లు బయానాలాగా కనిపిస్తాయి. పైగా ఆ టైర్లు మెత్తనివి, త్వరగా అరుగుతాయి, సీజన్‌కో సెట్టు అడిగే రకం. ఇంతా చేసి అక్కడున్న ఆరుగురు ఏళ్ల తరబడి ఆ కార్లతో తిరిగినవాళ్లు. రెండేళ్లు ఓపిక పడితే నడిమి వరసలోకి వస్తారేమో. కారును కట్టడంలోనే మీకు ఆనందం ఉంటే ఇది మంచి దారే. కొందరికి గెలుపు కన్నా గ్యారేజీలో చేతులకు గ్రీజు అంటించుకోవడమే ఇష్టం. మీ ఉత్తరంలో ఆ ఇష్టం నాకు కనబడలేదు. "మార్పించాను, మార్పించాను" అనే రాశారు, "మార్చాను" అని ఒక్కచోటా లేదు.

వెనక్కి రావడం రెండోది. మీ పాత స్ప్రింగులు అట్టపెట్టెలో ఉన్నాయన్నారు, సంతోషం. ఇంజను ప్రోగ్రాం కంపెనీదానికి తిప్పడం పెద్ద పని కాదు. వెనక బార్ పాతది పారేశానని బెంగపడ్డారు. నియమం చదివితే ఆ బెంగ అక్కర్లేదు: ఒక బార్ మార్చుకోవచ్చు కదా, వెనకది కొత్తదే ఉంచి ముందుది పాతది వేస్తే నియమానికి లోబడే ఉంటారు. కానీ అలా నడపమని మాత్రం నేను చెప్పను. వెనక బార్ గట్టిగా, ముందుది మెత్తగా ఉన్న మియాటా మలుపులో తోక ఊపుతుంది, వానపడ్డ రోజు మరీను. మియాటావాళ్లు ఎక్కువగా మార్చేది ముందు బార్. వెనకదానికి కంపెనీది పాతది ఒకటి వెతకండి. విప్పి పక్కన పడేసినవాళ్లు మీ మైదానంలోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు, కాఫీ డబ్బులకు ఇస్తారు. అప్పుడు మీ ముందు బార్ ఖర్చు వృథా కాదు. స్ప్రింగుల ఖర్చు పోయినట్టే, అది ఒప్పుకోవాలి. ఎవరికైనా అమ్మితే సగం వస్తుందేమో. మీ ఆవిడకు సగం అని చెప్పకండి, వచ్చాక చూపించండి.

మూడోది, కారును ఇలాగే ఉంచి, సర్దుబాటు లెక్కలో పోటీ పడటం. రిక్ రూత్ అనే ఆయన ఏళ్ల తరబడి జాతీయ స్థాయి ఫలితాలు చూసి ప్రతి క్లాసుకూ ఒక గుణకం తయారుచేస్తూ వచ్చారు. పాక్స్ అని పిలిచేది దాన్నే. మీ కాలాన్ని మీ క్లాసు గుణకంతో హెచ్చిస్తే వేర్వేరు క్లాసులవాళ్లను ఒకే పట్టికలో పోల్చవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ మీకు అదీ కలిసిరాదు. లెక్క కోసం సి స్ట్రీట్ గుణకం 0.81, మీ క్లాసుది 0.825 అనుకుందాం. మీరు పంపిన పట్టికల్లో, మార్చి నెల పోటీలో మీ బావమరిది కాలం 51.7 సెకన్లు. దానికి సమానం కావాలంటే మీరు 50.76లో రావాలి. ఆ మెట్టుకు తగిన కారు ఉన్నవాళ్లకే ఆ గుణకం న్యాయంగా ఉంటుంది. సగం కట్టిన కారుకు అది జరిమానా.

ఇంతకీ ఆ మార్చి పోటీ పట్టిక తీసి నేను చాలాసేపు చూశాను. మీరు గీతలు గీసింది మీ స్థానం కింద. నేను చూసింది మీ నాలుగు పరుగుల్ని. మొదటిది 53.9. రెండోది 52.4. మూడోది 51.2, రెండు కోన్లు. నాలుగోది 51.0, ఒక కోను. కోనుకు రెండు సెకన్ల జరిమానా కనుక ఆ రెండూ 55.2, 53.0 అయిపోయి, మీ పేరు పక్కన 52.4 నిలిచింది. ఆ ఒక్క కోను సున్నం గీత దాటి పడకుండా ఉంటే, సగం కట్టిన కారుతో, ఇరుకు టైర్లతో, మీరు మీ బావమరిదిని 0.7 సెకన్లతో దాటినవారు. మిగతా ఐదు పట్టికలూ చూశాను. ప్రతిదాంట్లో మొదటి రెండు పరుగులు శుభ్రం, చివరి రెండింట్లో కోన్లు. ప్రతిదాంట్లో! మధ్యలో ఏమవుతుందో నేను చూడలేదు కానీ ఊహించగలను. మైకులో అతని కాలం వినిపిస్తుంది. మీరు ఆ అంకెను తలలో పెట్టుకుని గీత దగ్గరికి వస్తారు. అక్కడి నుంచి దారిని కాదు, అతన్ని తరుముతారు.

ఇది స్ప్రింగుల సమస్య కాదు, క్లాసు సమస్యా కాదు. వెనక్కి రండి, ముందుకు వెళ్లండి, ఈ రెండు పరుగుల సంగతి తేలనిదే మీకు ఏ అక్షరమూ అచ్చిరాదు. వచ్చే పోటీలో మూడో పరుగుకు ముందు కారు దిగి నీడలోకి వెళ్లండి. మైకు వినిపించనంత దూరం. మూడో పరుగును రెండోదానికన్నా వేగంగా కాకుండా, రెండోదానిలాగే నడపాలని వెళ్లండి. కాలం దానంతటదే తగ్గుతుంది, టైర్లు అప్పటికి వేడెక్కి ఉంటాయి కనుక. తగ్గకపోతే నన్ను తిట్టుకుంటూ ఇంకో ఆరు పేజీలు రాయండి.

చక్రాల దగ్గరికి వస్తాను. ఉత్తరంలో మీరు ఎక్కువగా రాసింది దీని గురించే. తక్కువగా రాసిన వాక్యం కూడా ఇక్కడే ఉంది.

మీ బావమరిది చక్రాలు నియమానికి విరుద్ధం. అందులో అనుమానం లేదు. 7.5 దగ్గర 8.5 వేస్తే టైరు పరుచుకుంటుంది, పక్క గోడ ఒరగదు, స్టీరింగ్ తిప్పగానే కారు వింటుంది. ఆ లాభం ఎంతో నేను అంకెల్లో చెప్పను కానీ అది లాభమే. కావాలని చేశాడా? మీరు కారు దించుకున్నంత అమాయకంగానే అతనూ చక్రాలు కొని ఉండవచ్చు. మీ తనిఖీ ఆయన మీ స్ప్రింగులను పట్టుకున్నారు, అతని చక్రాలు ఆయన కంట పడలేదు. కొత్త చక్రం పక్కనుంచి చూస్తే వెడల్పు తెలియదు మరి. పెట్టెలు మోసిన మీకు తెలుసు. పెట్టె మీద 8.5 అని అచ్చువేసి ఉంటుంది. అప్పుడు ఊరుకున్నారు. మీరూ అదే క్లాసులో ఉండి గెలుస్తుంటే ఇప్పటికీ ఊరుకునేవారేనా? నన్ను సమాధానం అడగకండి, నాకూ ఇలాంటి పెట్టెలు మోసిన అనుభవం ఉంది.

ఫిర్యాదుకు పద్ధతి ఉంది. పోటీ జరిగిన రోజునే, నిర్ణీత గడువులో, రాతపూర్వకంగా, రుసుము కట్టి ఇవ్వాలి. నిర్వాహకులు చక్రం విప్పించి వెనక అచ్చు చూస్తారు, ఐదు నిమిషాల పని. ఆ రోజు ఫలితం పోతుంది. పోయిన సీజన్ ఫలకాలను మాత్రం ఎవరూ వచ్చి టీవీ పక్కనుంచి తీసుకుపోరు. అంటే మీకు దక్కేది ఒక మధ్యాహ్నం గెలుపు, అదీ మీరు లేని క్లాసులో. దానికి బదులుగా మైదానంలో అందరి ముందూ బావమరిది తలవంచుకుని నిలబడతాడు. పై సంక్రాంతికి ఆ ఇంట్లో మీకు వడ్డించేటప్పుడు ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో పెళ్లైనవాళ్లకు చెప్పనక్కరలేదు.

అలాగని ఊరుకోమనీ అనలేను. మీరు మాటవరసకన్నట్టు రాసి దాటేసిన ఆ పెద్దాయన వల్ల. పాత మియాటా వేసుకుని ప్రతిసారీ రెండో స్థానంలో వస్తున్న మనిషి. మీకూ మీ బావమరిదికీ మధ్య ఇది పరువు తగాదా. ఆయనకు మాత్రం ఇది నాలుగు ఫలకాలు. ఆయన ఇంట్లోనూ టీవీ పక్కన చోటు ఉండే ఉంటుంది. ఆయన ఎప్పుడూ మీ బావమరిది చక్రం వెనక వంగి చూడలేదంటే, చూడటం మర్యాద కాదనుకుని ఉంటారు. మీరు మౌనంగా ఉండటం కుటుంబం కోసమని మీకు అనిపిస్తోంది, కానీ దాని ఖర్చు కడుతున్నది కుటుంబంలో లేని మనిషి.

కాబట్టి నేను మొదట చేసేది, అతనితో ఒంటరిగా మాట్లాడటం. పండగ రోజు కాదు, మైదానంలో కాదు, మీ ఆవిడ ద్వారా అసలే కాదు. ఆవిడను రాయబారానికి పంపితే రెండు వైపులా ఆవిడే మాట పడుతుంది. నియమాల పుస్తకంలో ఆ పుట తీసి చూపించండి. "నేను కూడా తప్పు క్లాసులో కూర్చుని ఏడాది పోగొట్టుకున్నాను, నీది కూడా ఒకసారి చూసుకో" అంటే అందులో అబద్ధమూ లేదు, పోటూ లేదు. పెట్టెలు మోసిన రోజే చెప్పవలసింది, చెప్పలేదు, అదీ అనండి. ఒప్పుకుంటే పాత చక్రాలు వేసుకుంటాడు, లేదా ఆ చక్రాలు చెల్లే క్లాసుకు మారతాడు. కోపం తెచ్చుకుంటే రెండు వారాలు ఫోనులు ఉండవు. అది తట్టుకోగలిగిందే. తెలిసీ అవే చక్రాలతో మళ్లీ సి స్ట్రీట్‌లో దిగితే, అప్పుడు లెక్క వేరు. అప్పుడు ఆ రోజు పెట్టెలు మోసిన సంగతి దాచకుండా నిర్వాహకులతో మాట్లాడవచ్చు; అది ఫిర్యాదుగా పోతుందా, హెచ్చరికగా పోతుందా అన్నది వాళ్లు చూసుకుంటారు. అక్కడిదాకా వస్తుందని నాకు అనిపించడం లేదు. దోసెలు తింటూ తన కోన్ల గురించి తానే చెప్పుకుని నవ్విన కుర్రవాడు కదా.

ఇంకొకటి, ఇష్టమైతేనే. ఒకే కారును ఇద్దరు డ్రైవర్లు పంచుకోవడం ఆటోక్రాస్‌లో మామూలే. ఒక పోటీకి ఇద్దరూ మీ మియాటా మీదే పేర్లు నమోదు చేసుకోండి, ఇంకో పోటీకి అతని కారు మీద. ఒకే కారు, ఒకే టైర్లు, ఒకే రోజు. ఆ రోజు వచ్చే అంకెను ఏ క్లాసు మీదా నెట్టడానికి ఉండదు. అతనే వేగమైతే అతని పక్క సీటులో కూర్చుని చూడండి, ఎక్కడ బ్రేకు వదులుతున్నాడో. మీరే వేగమైతే అత్తగారి ప్రశ్నకు జవాబు దొరికినట్టే, ఫలకం లేకపోయినా. ఈ పని తెగువ ఉన్నవాళ్లకే చెబుతాను, ఎందుకంటే ఓడితే సాకు మిగలదు.

మీరు వెనక్కి రావాలనే నిర్ణయించుకుంటే ఒక పని మాట. స్ప్రింగులు విప్పడం ఒక్కరివల్ల అయ్యేది కాదు. ముడుచుకున్న స్ప్రింగు చేయి జారితే ప్రమాదం. బిగింపు పరికరం అద్దెకు తెచ్చుకోండి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. మీ అట్టపెట్టె ఆ గ్యారేజీలోనే ఉంది, అతని పాత చక్రాలు నాలుగూ ఆ గ్యారేజీలోనే ఉన్నాయి. ఒక శనివారం చాలు రెండు కార్లకూ. చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించండి, పోటీ రోజు పొద్దున మళ్లీ ఒకసారి చూడండి. మీ కారు తలుపు మీద నీలం టేపుతో అంటించిన స్ట్రీట్ టూరింగ్ అక్షరాలు పీకేయడం మరిచిపోకండి. నా మొదటి పోటీకి నేను మరిచిపోయాను, రోజంతా నా కాలాలు వేరే ఎవరి పేరు మీదనో పడ్డాయి.